శాసనసభ నుండి గ్రామసభకు

చట్టం చేయడం ఎంత ముఖ్యమో, అది ఎవరి కోసం రూపొందిందో వారికి దానిని తెలియజేయడమూ అంతే ముఖ్యం. చట్టం తెలియదన్న కారణంతో శిక్ష నుండి తప్పించుకోవడానికి వీలులేదని న్యాయశాస్త్రం చెబుతుంది. ఈ నియమం ధర్మబద్ధం కావాలంటే చట్టాన్ని ప్రజలకు తెలిపే బాధ్యతను ఎవరో ఒకరు వహించాలి. ఆ బాధ్యత అందరికంటె ముందు శాసనసభలో దానికి ఓటు వేసే సభ్యునిది.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని చిప్పగిరి మండలాన్ని పరిశీలిస్తే ఈ విషయం బోధపడుతుంది. ఇది ఆలూరు శాసనసభా నియోజకవర్గంలోనిది. వాన మీద ఆధారపడిన సేద్యం ఇక్కడ ఎక్కువ. వానలు ముఖం చాటేసిన ఏడు ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాల నుండి అనేక కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు, కట్టడపు పనులకు బెంగళూరుకు తరలిపోతాయి. ఈ వలసను స్థానికులు ‘సుగ్గి’ అంటారు. పెద్దల వెంట పిల్లలూ వెళ్ళడంతో వారి చదువు నడుమ ఆగిపోతుంది.

ఈ కష్టాన్ని గుర్తించిన చట్టాలు లేకపోలేదు. 2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం పనిని హక్కుగా ప్రకటించింది. 2006 ఫిబ్రవరి 2న అది ప్రారంభమైంది పొరుగున ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పని అడిగిన 15 రోజులలో పని చూపకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది. ఈ సంగతి తెలియని కూలీకి ఆ నిబంధన వల్ల ఒరిగినదేమిటి? 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బదిలీ పత్రం రావడం ఆలస్యమైందని ఏ పిల్లవానికీ కొత్త బడిలో ప్రవేశం నిరాకరించరాదని చెప్పింది. సుగ్గికి వెళ్ళే తల్లిదండ్రులకు ఎంతో అక్కరకు వచ్చే మాట ఇది. దానిని వారికి చెప్పేవారే కరువు.

చట్టం తెలియకపోతే హక్కుతోపాటు మనశ్శాంతి కూడా పోతుంది. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చి, 2024లో రద్దయింది. ఆ నడుమ ఎన్నికల వేదికలపై దానిని గురించి పరస్పర విరుద్ధమైన మాటలు వినిపించాయి. చట్టంలో నిజంగా ఏమున్నదో రచ్చబండ వద్ద విప్పి చెప్పినవారు అరుదు. తన పొలం ఏమవుతుందోనన్న రైతు భయానికి మంచి జవాబు చట్టాన్ని చదివి వినిపించడమే.

చదివి వినిపించడంలో భాషాపరమైన చిక్కు కూడా ఉంది. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం రాష్ట్ర చట్టాలకు సైతం ఆంగ్లపాఠమే ప్రామాణికం. కనుక ప్రజల భాషలో చట్టసారాన్ని వివరించేవారు తప్పనిసరి.

ఇందుకు కొత్త వేదికలు నిర్మించనక్కరలేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం శాసనసభ్యునికి మండల పరిషత్తులో సభ్యత్వం ఇచ్చింది. పురపాలక సంఘాలలోనూ ఆయనకు స్థానముంది. గ్రామసభలు ఎలాగూ జరగాలి. అమెరికాలో కొందరు రాష్ట్ర శాసనసభ్యులు తమ సభ ముగిసిన పిదప నగర పాలక మండలి ముందుకు వచ్చి, ఏ చట్టాలు వచ్చాయో, వాటి వల్ల ఆ నగరానికి కలిగే మార్పులేమిటో వివరిస్తారు. సభ్యుల ప్రశ్నలకు జవాబిస్తారు. ఇటువంటి సంప్రదాయం ఇక్కడ కూడా నెలకొనాలి. శాసనసభ సమావేశాలు ముగిసిన ప్రతిసారీ చట్టాల సారాంశాన్ని తెలుగులో అచ్చువేసి మండల పరిషత్తు ముందు ఉంచాలి.

ఇది అధికారుల పని అని కొందరు అనవచ్చు. రాజపత్రంలో ప్రకటిస్తే చాలని మరికొందరు వాదించవచ్చు. చట్టాన్ని ఎలా అమలు చేయాలో అధికారి చెప్పగలడు. దానిని ఎందుకు చేశారో చెప్పవలసినవాడు ప్రతినిధి. పైగా రాజపత్రం ప్రశ్నలకు బదులు చెప్పదు. గ్రామసభలో ఒక వృద్ధురాలు లేచి అడిగిన ప్రశ్న చట్టంలోని లోపాన్ని బయటపెట్టవచ్చు. ఆ లోపాన్ని విని శాసనసభకు తిరిగి వెళ్ళిన సభ్యుడు మెరుగైన సవరణను ప్రతిపాదించగలడు.

చిప్పగిరికి ఈ విషయంలో ఒక గొప్ప వారసత్వం ఉంది. కన్నడ హరిదాసులలో ప్రముఖుడైన విజయదాసు 1755లో ఇక్కడే తనువు చాలించాడు. సంస్కృత గ్రంథాలలోని తత్త్వాన్ని హరిదాసులు జనభాషలో పాటలుగా మలిచి ఊరూరా వినిపించారు. పండితుల వద్ద ఉన్న జ్ఞానాన్ని పామరుల ముంగిట నిలిపారు. నేటి ప్రజాప్రతినిధి చట్టం విషయంలో చేయవలసిన పని కూడా అదే.

నేటి విద్యార్థులు రేపటి ఓటర్లు. ఊరికి ఏమి తెచ్చారని ప్రతినిధిని అడిగేటప్పుడు రోడ్డు, కుళాయి, భవనం మాత్రమే కాక చట్టాన్ని గురించి కూడా వారు అడగాలి. ఆ ప్రశ్న అలవాటైన నాడు శాసనసభకూ గ్రామసభకూ నడుమ దూరం తగ్గుతుంది.