ఎడమది పెద్దదా, కుడిది చిన్నదా?

ముక్కు సర్జరీ అయిన వారానికి స్ప్లింట్ తీశారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని, తల పైకెత్తి, ముక్కు రంధ్రాలు రెండూ పోల్చుకోవడం. ఎడమది పెద్దగా, కుడిది నొక్కేసినట్టు ఉండేది. తిరుపతిలో ఇంటి నుంచే పని కాబట్టి మీటింగుల్లో కెమెరా ఆఫ్.

మూడో వారం భయమేసి డాక్టర్‌ని అడిగా. వాపు రెండు వైపులా ఒకే వేగంతో తగ్గదట. పైకి కనిపించే వాపు కొన్ని వారాల్లో దిగినా, అసలు ఆకారం తేలడానికి ఏడాది దాకా పట్టొచ్చు. మళ్లీ సరిచేయాలా వద్దా అన్నది కూడా మామూలుగా ఆ తర్వాతే చూస్తారు. అయితే నొప్పి, ఎరుపు పెరిగినా, జ్వరం, చీము వచ్చినా ఆగకూడదు. వెంటనే చెప్పాలి.

ఇంకో దోషి సెల్ఫీ. 12 అంగుళాల దూరంలో తీస్తే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. 5 అడుగుల దూరంలో ఆ తేడా దాదాపు ఉండదు. అంటే నేను ఇన్నాళ్లూ తప్పు టూల్‌తో బగ్ వెతుకుతున్నా! పాత ఫొటోలు తీసి చూస్తే, సర్జరీకి ముందు కూడా రెండూ సమానంగా లేవు.

"ఏందిమే, అవేమన్నా గోలీలా, రెండూ ఒకే మాదిరి ఉండేదానికి?" అనింది చిత్తూరు నుంచి వచ్చిన మా అవ్వ.

ఇప్పుడు నెలకి ఒకటే ఫొటో. అదే వెలుతురు, అదే దూరం. మొన్న మీటింగ్‌లో కెమెరా ఆన్ చేశా. ముక్కు గురించి ఎవరూ అడగలేదు. పెండింగ్ పని గురించి మాత్రం అడిగారు.