క్షయ మానిన పిదప మరల దగ్గు



మా పొరుగింటి పెద్దమ్మగారి కోడలికి ఆఱేండ్ల క్రిందట క్షయ సోకెను. ఆఱు నెలలును మాత్రలు తప్పక మ్రింగెను. కఫములో క్రిములు లేవని వైద్యులు చెప్పగా నింటివారు సంతోషించిరి. నిరుడు మరల దగ్గు పట్టుకొనెను. ఒళ్లు తగ్గెను. ఒకనాటి వేకువను కఫములో నెత్తుటి జీర కనబడెను. “మళ్లా అదే వచ్చె గదమ్మా!” యని అత్తగారు తల పట్టుకొనిరి. ఆ సాయంకాలమే కోడలి పళ్లెము, చెంబు, పడక వేఱైనవి. బిడ్డను తల్లి దగ్గఱకు బోనీయలేదు.

ఒక వైద్యశాలలో, కఫమునందు క్రిములు కానరాకున్నను, పాత చీటి చూచి క్షయ మందులే మరల నిచ్చిరి. మూడు నెలలైనను గుణము లేదు. పిదప మఱియొక వైద్యుడు ఛాతీకి సి.టి. తీయించి, నెత్తురు పరీక్ష చేయించి, “ఇది క్షయ కాదమ్మా, పాత గాయములో బెరిగిన బూజు” అని చెప్పెను.

ఊరగాయ జాడిలో బూజు పట్టుట యెఱుగుదుము గాని, మనుష్యుల రొమ్ములో బట్టునా యని నాకును సందేహము కలిగెను. మావారు తెచ్చిన వైద్యగ్రంథములు చదివి తెలిసికొన్నంత వ్రాయుచున్నాను.

క్షయ ఊపిరితిత్తిని దొలిచి యొక్కొక్కచో తొఱ్ఱ చేయును. మందులచే క్రిములు చచ్చును గాని తొఱ్ఱ యన్నివేళల పూడదు. దక్షుని శాపమువలన చంద్రునకు క్షయము కలిగెనని పురాణము చెప్పును. ఆతడు మరల నిండినను మచ్చ మాత్రము పోలేదు గదా! అట్టి తొఱ్ఱలోనికి గాలితోపాటు బూజు బీజములు చేరును. ఈ బూజునకు ఆస్పెర్జిల్లస్ అని పేరు. 1729లో మికేలి యను ఇటలీ దేశపు మతగురువు దీనిని సూక్ష్మదర్శినిలో జూచి, తమ దేవాలయములలో తీర్థము చిలుకరించు సాధనమువలె నున్నదని యా పేరు పెట్టెను. ఈ బీజములను మనమందఱము దినదినము పీల్చుచునే యుందుము. ఆరోగ్యముగల ఊపిరితిత్తి వానిని నెట్టివేయును. తొఱ్ఱలో నా శక్తి లేదు గనుక నవి యక్కడ మొలచి, కొందఱిలో నుండగా జుట్టుకొనును. తొఱ్ఱ గోడలలోని రక్తనాళము లొరసికొని చిట్లినచో నెత్తురు పడును. ఒక్కొక్కప్పుడది ప్రాణాపాయమగునంతగా బడును. అప్పుడు నాటువైద్యముతో కాలయాపన చేయక వెంటనే పెద్దాసుపత్రికి గొనిపోవలెను.

ఇది మిక్కిలి యరుదని తలపవలదు. బ్రిటను దేశమున క్షయ మానియు అంగుళము వెడల్పుగల తొఱ్ఱలు మిగిలిన 544 మందిని పరీక్షించి 1968లో ప్రకటించిరి. నూటికి 11 మందికి బూజు ఉండ కనబడెను. మూడు నాలుగేండ్ల పిమ్మట వారినే మరల జూడగా నది 17 ఆయెను. 1911 వఱకు కడప జిల్లాలో నుండిన మదనపల్లె చెంత 1915లో ఆరోగ్యవరమను క్షయ చికిత్సాలయము వెలసినది. ఆ కాలమున మంచి గాలి, విశ్రాంతి, బలమైన యాహారము, ఇవే ముఖ్యౌషధములు. పెద్ద తొఱ్ఱలు పడినవారిలో పెక్కుమంది బ్రదుకలేదు. నేడు మందులచే బ్రదుకుచున్నారు. ఇది బ్రదికినవారికి వచ్చు జబ్బు. అందుచేతనే దీని నింటివారు గుర్తెఱుంగుట యవసరము.

మన సీమలో జొన్న పాతర తెఱచినపుడు ముక్కు మండించు వాసన మీరెఱుగుదురు. చెమ్మ తగిలిన వేరుసెనగ కాయలయందును, కుళ్లిన చొప్పయందును, పేడ దిబ్బలయందును ఈ జాతి బూజు విస్తారముగా నుండును. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిచే నట్టి పనులు చేయింపకుండుట మేలు. తప్పనిచో ముక్కును నోటిని మూయు ముసుగు ధరింపవలెను. కాని గాలిలోనిదానిని బొత్తిగా తప్పించుకొనుట యెవరి తరము? మా పొరుగున కోడలిని వంటయింట గూర్చుండనీయక, పాతరలోని జొన్నలు చెఱుగుటకు మాత్రము పంపిరి. ఏమందును!

మానిన క్షయ మరల వచ్చుటయు గలదు. కావున ముందుగా కఫపరీక్ష తప్పక చేయింపవలెను. అందులో క్రిములు లేకున్నచో, “బూజేమో చూడుడు” అని వైద్యుని మనమే యడుగవచ్చును. ఛాతీ చిత్రము, ఆస్పెర్జిల్లసునకై రక్తపరీక్ష దీనిని దెలుపును. దీనికి ఇట్రాకొనజోల్ అను మందు కనీసము ఆఱు నెలలు వాడుదురు. పలువురు వాడు గుళికలు భోజనముతో మ్రింగవలసినవి. పులిత్రేనుపుల మాత్రలు వీని బలము తగ్గించును. క్షయకిచ్చు రిఫాంపిసిన్ దీనిని బొత్తిగా పనిచేయనీయదు. కాన నింటనున్న మాత్రలన్నియు మూటగట్టి తీసికొనిపోయి వైద్యునకు జూపుడు. గర్భవతియైనచో ఆ మాట, గుండె జబ్బున్నచో ఆ మాట, ముందే చెప్పవలెను. ఉండ యొక్కటియే యుండి రోగికి బలమున్నయెడల శస్త్రచికిత్సయు గలదు.

ఈ బూజు ఒకరినుండి యొకరికి అంటదు. పళ్లెము వేఱు చేయ నక్కఱలేదు, బిడ్డను దూరము చేయ నక్కఱలేదు. పెద్దమ్మగారికి ఈ మాట నేను నాలుగుసార్లు చెప్పితిని, వైద్యునిచేత నొకసారి చెప్పించితిని.

కోడలికిప్పుడు మందు మొదలిడి యైదవ నెల. నెత్తురు పడుట నిలిచినది. బిడ్డ తల్లి ప్రక్కనే పండుకొనుచున్నాడు. చెంబు మాత్ర మింకను వేఱుగానే యున్నది. మొన్న పేరంటమునకు బోయినపుడు చూచితిని.