వట్టం లేని మారకం ఉందా?



తెలుగులో 'వట్టం' అనే పాతమాట ఒకటుంది. ఒక నాణెమిచ్చి మరొక నాణెం పుచ్చుకొనేటప్పుడు షరాబు తన వంతుగా తగ్గించుకొనే సొమ్ముకు అది పేరు. బడిలో పిల్లలకు దీని అర్థం చెప్పి ఊరుకున్నవాడినే గాని, దాని బరువు నిరుడు అమెరికా వెళ్ళివచ్చేదాకా నాకు తెలియలేదు. షరాబు అంగడి మూతపడింది గాని వట్టం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది ప్లాస్టిక్ కార్డులో కాపురముంటున్నది.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మనుమరాలిని చూడడానికి నేనూ మా ఇంటావిడా బయలుదేరుతుంటే, "మీకు డబ్బెందుకు నాన్నా, మేం లేమూ!" అన్నది. ఆ మాటలో ఉన్నది ప్రేమే. కాని ముప్పై యేళ్ళు పంతులు పని చేసి పింఛను తెచ్చుకొంటున్నవాడు అల్లుడి డబ్బుతో మనుమరాలికి బొమ్మ కొనిస్తే, అది కానుక ఎట్లా అవుతుంది? అందుచేత ముందుగా డాలర్లు నింపుకొని తీసుకువెళ్ళే ప్రయాణపు కార్డు, ఫారెక్స్ కార్డు అంటున్నారే అది, ఒకటి తీసుకొన్నాను. 'జారీ రుసుము శూన్యం' అని ప్రకటన. శూన్యమన్న మాటకే లొంగిపోయాను. పద్యంలో ప్రతి పదానికీ అర్థం విప్పి చెప్పినవాణ్ణి, ఆ ఒక్క పదం వెనుక ఏముందో చూడలేదు.

తిరిగివచ్చాక తీరికగా లెక్క వేసికొన్నాను. తేలిన సంగతి ముందే చెబుతాను. ఈ కార్డులను వాటి రుసుముల పట్టికను బట్టి పోల్చరాదు. ఒక డాలరు కార్డులో పడడానికి మొత్తం ఎన్ని రూపాయలు పోయాయి, మిగిలిన డాలరు తిరిగి ఇచ్చివేస్తే ఎన్ని రూపాయలు వచ్చాయి అన్న రెండు అంకెలతో మొదట పోల్చాలి. తక్కిన రుసుములు ఆ తరువాతి మాట.

లెక్క సులువుగా ఉండడానికి అంగడిలో డాలరు సరిగ్గా 100 రూపాయలనుకొందాం. మొదటి కార్డుకు జారీ రుసుము లేదు గాని డాలరును 102కు అమ్ముతుంది. రెండవ కార్డు 300 రూపాయల రుసుము అడుగుతుంది గాని డాలరును 100.50కి ఇస్తుంది. వెయ్యి డాలర్లకు మొదటిదానికి 1,02,000 రూపాయలు అవుతాయి. రెండవదానికి రుసుమూ, ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ కలుపుకొన్నా 1,00,854 మాత్రమే. మారకంపై పడే జీఎస్టీ రెండింటికీ ఇంచుమించు 180 రూపాయలే గనుక పోలికలో దానిని పక్కన పెట్టవచ్చు. అంటే 'శూన్యం' ఖరీదు 1,146 రూపాయలు! ఇక తిరిగివచ్చాక 200 డాలర్లు మిగిలాయనుకోండి. మొదటి కార్డువారు 97 చొప్పున, రెండవవారు 99 చొప్పున తీసుకొంటే అక్కడ మరో 400 తేడా. రుసుము కంటికి కనబడుతుంది, వట్టం కనబడదు. తేడా అంతా అందులోనే ఉన్నది.

దారిలో జరిగినవి మరి మూడున్నాయి.

మా విమానం దుబాయిలో ఆగింది. మా ఇంటావిడ టీ అడిగింది. కార్డులో డాలర్లున్నాయి, అంగడివాడికి కావలసినవి దిర్హాములు. ఒక డాలరుకు 3.6725 దిర్హాములని 1997 నుండి కట్టుబాటుగా ఉన్నది. ధర కదలదు కదా, నష్టమేముంటుందనుకొన్నాను. కాని కార్డులో ఒక నాణెముండి ఖర్చు మరొక నాణెంలో పడితే ఈ కార్డులు చాలావరకు వేరే వట్టం తీస్తాయి. అది మూడు, మూడున్నర శాతం దాకా ఉంటుంది. నా కార్డు మూడున్నర తీసింది. మారకపు ధర కదలకపోయినా వట్టం తప్పలేదు.

అక్కడే రెండవది. యంత్రం తెరమీద "రూపాయలలోనా, దిర్హాములలోనా?" అని అడిగింది. పరాయిచోట మన రూపాయి పేరు కనబడేసరికి సంతోషపడి దాన్నే నొక్కాను. తప్పు చేశాను. అట్లా నొక్కితే అంగడివాడి తరఫువారు తమ ధరకు దిర్హాములను రూపాయలు చేస్తారు, నా కార్డు ఆ రూపాయలను మళ్ళీ డాలర్లు చేస్తుంది. ఒక్క టీకి రెండు మారకాలు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు నాణెమే నొక్కాలి. దీనికి మినహాయింపు అరుదు.

మూడవది డాలస్‌లో. గుడి హుండీలో వేయడానికి ఏటీఎంలో 20 డాలర్లు తీశాను. నా కార్డు రుసుము రెండు డాలర్లు, ఆ యంత్రం పెట్టినవారి రుసుము మూడు. ఇరవైకి అయిదు, అంటే పావు వంతు! పూర్వం వర్తకులు దూరదేశానికి సొమ్ము పంపుకొన్న పత్రం పేరు కూడా హుండీయే. ఆ హుండీకైనా ఇంత వట్టం పడేదా అనుకొన్నాను. నగదు కావాలంటే ఒక్కసారే తీసుకోవాలి, లేదా కొద్దిగా ఇక్కడినుండే పట్టుకువెళ్ళాలి.

ఇంత చెప్పి, కార్డే వద్దంటున్నానా? లేదు. డాలర్లు నింపిన కార్డుతో అమెరికా అంగడిలో బొమ్మ కొన్నప్పుడు ఒక్క సెంటు కూడా అదనంగా పోలేదు. నింపిన నాటి ధరే చివరిదాకా నిలిచింది. అన్నిటికన్న ముఖ్యం, కార్డు పోయినా అందులోని సొమ్ము వరకే భయం. పింఛను పడే ఖాతా జోలికి ఎవరూ రాలేరు. నా వంటి వయసువారికి ఇది చిన్న లాభం కాదు. మామూలు డెబిట్ కార్డు పట్టుకువెళ్తే, మూడున్నర శాతం వట్టమూ దానిపై జీఎస్టీ కలిపి నూటికి 4.13 పోవచ్చు. విదేశీ వట్టం అసలే తీయని బ్యాంకు కార్డులు కూడా ఇప్పుడున్నాయి. అటువంటిది చేతిలో ఉన్నవారికి, ధర మారినా ఫరవాలేదనుకొనేవారికి, ప్రయాణపు కార్డుకన్న అదే చవక కావచ్చు.

కొందరు మిత్రులు 20 శాతం పన్ను పడుతుందని భయపడుతున్నారు. అది మూలంలో వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుండి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ముకే అది వర్తిస్తుంది. పైగా ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటవుతుంది. మన వెయ్యి డాలర్లకు ఆ బెడద లేదు.

నా ఫిర్యాదు వట్టం తీసుకొంటున్నారని కాదు. షరాబు కూడా బ్రతకాలి. కాని షరాబు వట్టమెంతో ముఖాన చెప్పేవాడు, మనకు తెలిసిన భాషలో చెప్పేవాడు, నచ్చకపోతే పక్క అంగడికి పోనిచ్చేవాడు. ఇప్పుడది చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలలో నాలుగు పుటల వెనుక ఉంటున్నది. అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుండి ఒక మంచి పని చేయించింది. వ్యక్తులు తీసుకొనే అప్పులకు ఖర్చులన్నీ కలిపి వార్షిక శాతం ఒక్క అంకెగా, అప్పు తీసుకొనేవారికి అర్థమయ్యే భాషలో, ముందే ఒక పత్రంలో చూపాలన్నది. అప్పుకు సాధ్యమైనది మారకానికి ఎందుకు సాధ్యం కాదు? ప్రయాణపు కార్డుకు కూడా ఆనాటి అంగడి ధర, తమ అమ్మకపు ధర, తిరుగు కొనుగోలు ధర మూడూ పక్కపక్కనే, తెలుగులో, చేవ్రాలుకు ముందే చూపించాలి. అడగవలసింది మనమే.

అంతవరకు నేను నేర్చుకొన్న ఉపాయం ఇది. ఒకే పూట రెండు మూడు చోట్లకు వెళ్ళి ఇవే రెండు ప్రశ్నలు వేయండి. "వెయ్యి డాలర్లు కార్డులో పడాలంటే పన్నులతో సహా మొత్తం ఎంత ఇవ్వాలి? అందులో రెండువందలు ఇప్పుడే వెనక్కిస్తే ఎంత ఇస్తారు?" రెండవ ప్రశ్నకు అవతలివారు కాస్త తడబడతారు. ఆ తడబాటు చూసి మొహమాటపడకండి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.

మనుమరాలు ఆ బొమ్మను పక్కలో పెట్టుకొని పడుకొంటున్నదట. నా లెక్కలో వట్టం పడనిది అదొక్కటే.