ఆ అరగంటను వదులుకోకండి

విద్యార్థులారా! ఈసారి మీకు కొత్త ప్రయోగమేదీ చెప్పబోవడం లేదు. నేను చేసిన ఒక పొరపాటు గురించి, దాని నుంచి నేను తెలుసుకున్న దాని గురించి చెబుతాను. విన్న తర్వాత ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. పదో తరగతిలో పుష్పం గురించి పాఠం చెబుతూ నల్లబల్ల మీద మందారపువ్వు నిలువుకోత బొమ్మ వేశాను. రంగు సుద్దముక్కలతో వేశానేమో, బాగానే వచ్చిందని లోలోపల సంతోషించాను కూడా. వెనక బెంచీలో ఒక కుర్రవాడు మాత్రం నా బొమ్మ చూసి వేసుకోవడం లేదు. బడి ఆవరణలోని చెట్టు నుంచి కోసుకొచ్చిన పువ్వును ఎదురుగా పెట్టుకొని, సైన్సు నోటుపుస్తకం చివరి పేజీలో గీసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంలా ఏర్పడడం, ఆ గొట్టం లోపలి నుంచి కీలం బయటికి వచ్చి చివర ఐదు పాయలుగా చీలడం, ఒక్కొక్క పాయ కొసన ముఖమల్ గుండులాంటి కీలాగ్రం ఉండడం, అన్నీ అందులో ఉన్నాయి. వెనక్కి తిరిగి నల్లబల్ల వైపు చూసుకున్నాను. నా బొమ్మలో కీలాగ్రాలు నాలుగే!

ఆ రోజు నేను అతన్ని మెచ్చుకోవలసింది. కాని వరసగా పేజీలు తిప్పాను. కాకులు, ఎద్దులబండి, నిద్రపోతున్న తాతగారు, కళ్ళజోడు ముక్కు మీదికి జారిన నేను! "పరీక్షలు మూడు నెలల్లోకి వచ్చాయి. ఇదేనా నువ్వు చదివే చదువు?" అని పుస్తకం తీసుకొని బీరువాలో పెట్టేశాను. పరీక్షలయ్యాక వచ్చి తీసుకోమన్నాను. అతను మంచి మార్కులతోనే పాసయ్యాడు. పుస్తకం కోసం మాత్రం రాలేదు.

కొన్నేళ్ళకు బస్టాండులో కనబడి నమస్కారం పెట్టాడు. మంచి ఉద్యోగంలో ఉన్నాడు. "బొమ్మలు వేస్తున్నావా?" అని అడిగాను. "అప్పుడే మానేశానండి మాస్టారూ" అన్నాడు నవ్వుతూ. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. లేదు కనుకనే నాకు అది ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది.

"ముందు చదువు, తర్వాతే నీ పాటలూ బొమ్మలూ" అని పెద్దవాళ్ళం అందరం అంటాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఆ 'తర్వాత' ఎప్పుడు వస్తుంది? పదో తరగతి అయ్యాక ఇంటర్మీడియెట్, ఆపైన ప్రవేశ పరీక్షలు, డిగ్రీ, ఉద్యోగం, సంసారం. చెరువు దగ్గర నిలబడి అలలు ఆగిపోయాక స్నానం చేస్తానన్నవాడి కథ అవుతుంది. నా అభిప్రాయం ఏమిటంటే, చదువూ సొంత సృజనా ఒకటి ముగిశాక రెండోది మొదలుపెట్టవలసినవి కావు. రెండూ ఒకే రోజులో పక్కపక్కన నడవవలసినవి.

ఇది జరిగే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. చేసినవాళ్ళున్నారు, చూడండి.

డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1913–2013) గారు మన శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టారు. వైద్యం చదివి, కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా పనిచేశారు. రోగులను చూడడం, విద్యార్థులకు వైద్యం నేర్పడం ఆయన వృత్తి. రెండూ తీరికలేని పనులే. అయినా కర్ణాటక సంగీత సాధనను ఆయన ఏనాడూ పక్కన పెట్టలేదు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ వంటి గొప్ప గాయకులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో ఆయనకు 'సంగీత కళానిధి' బిరుదు ఇచ్చింది. సంగీతం కోసం ఆయన వైద్యాన్ని వదలలేదు, వైద్యం కోసం సంగీతాన్నీ వదలలేదు.

మృదంగం మధ్యలో నల్లని పూత ఉంటుంది కదా, అది ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? సర్ సి.వి. రామన్ ఆలోచించారు. మామూలుగా బిగించిన చర్మాన్ని కొడితే వచ్చే ధ్వనుల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14 ఇలా పొంతనలేని నిష్పత్తిలో ఉంటాయి. అందుకే డప్పు శబ్దంలో శ్రుతి తేలదు. మధ్యలో పూత వేసి బరువు పెంచితే ఆ నిష్పత్తి 1, 2, 3, 4, 5 వైపు సర్దుకుంటుంది. తీగ వాద్యంలోలాగా శ్రుతి పలుకుతుంది. శివకాళి కుమార్‌తో కలిసి రామన్ ఈ సంగతిని 1920లో ప్రకటించారు. అంతకు ముందు 1907 నుంచి 1917 దాకా ఆయన ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. కలకత్తాలో ఉన్నంతకాలం ఆఫీసుకు ముందూ, ఆఫీసు తర్వాతా ప్రయోగశాలకు వెళ్ళేవారు. ఖాళీ దొరికే దాకా ఆయన ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అయితే అంతా సులభమేనని చెబితే అది అబద్ధమవుతుంది. రష్యా దేశపు బొరోడిన్ (1833–1887) సంగతి చూడండి. ఆయన రసాయనశాస్త్ర ఆచార్యుడు. ఆల్డిహైడుల మీద చేసిన పరిశోధనలకు పేరుపొందాడు. గొప్ప సంగీతకర్త కూడా. జబ్బుచేసి పాఠాలు చెప్పలేని రోజుల్లోనే సంగీతం రాయడానికి తీరిక చిక్కుతోందని ఆయన చెప్పుకొనేవాడు. అందుకని స్నేహితులు ఆయనకు ఆరోగ్యం కాక అనారోగ్యం కోరేవారట! 'ప్రిన్స్ ఇగోర్' అనే సంగీత నాటకాన్ని 1869లో మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్ళ తర్వాత చనిపోయేనాటికి కూడా పూర్తిచేయలేకపోయాడు. మిగిలినది తోటి సంగీతకర్తలు పూర్తిచేశారు. రెండు పనులు చేపట్టినవాడికి రెండూ నిండుగా దక్కకపోవచ్చు. కాని సెలవు రోజుల కోసం, జ్వరం వచ్చే రోజుల కోసం కాచుకొని కూర్చోవడం కన్నా ప్రతిరోజూ కొంచెం కేటాయించుకోవడం మేలని బొరోడిన్ కథ నాకు నేర్పింది.

ఎంత కేటాయించాలి? అరగంట చాలు. రోజుకు అరగంట అంటే ఏడాదికి 182 గంటల పైమాటే. ఇప్పుడు సెల్‌ఫోను చేతిలోకి తీసుకుంటే అరగంట ఎలా మాయమవుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంకొకరు పాడింది వినడం మంచిదే. కాని అది మీరు పాడడంతో సమానం కాదు. పాట, బొమ్మ, పద్యం, కుట్టుపని, మట్టితో బొమ్మలు, పాడైపోయిన రేడియోను విప్పి బాగుచేయడం, ఏదైనా సరే, అది మీ చేతులతో, మీ బుర్రతో జరగాలి. పరీక్షల నెలలో అరగంటను పది నిమిషాలు చేసుకోండి. పూర్తిగా మాత్రం ఆపకండి. కొన్నాళ్ళు తగ్గించిన పనిని మళ్ళీ పెంచుకోవచ్చు. ఒకసారి మానేసిన పనిని మళ్ళీ మొదలుపెట్టడం చాలా కష్టం.

"ఇలా చేస్తే మార్కులు పెరుగుతాయా మాస్టారూ?" అని అడుగుతారేమో. పెరుగుతాయని మాట ఇవ్వలేను. స్నేహితులతో ఆడుకుంటే మార్కులు వస్తాయా అని లెక్కచూసుకొని మీరు ఆడుకోవడం లేదు కదా! ఒక్కటి మాత్రం చెప్పగలను. పువ్వును చూసి బొమ్మ గీసేవాడు పువ్వును నిజంగా చూస్తాడు. నేను పుస్తకంలోని బొమ్మను జ్ఞాపకం చేసుకొని గీశాను కాబట్టి తప్పు గీశాను. శ్రద్ధగా చూడడం, శ్రద్ధగా వినడం, చెరిపి మళ్ళీ చేయడం సైన్సుకూ కళకూ రెండింటికీ కావలసినవే.

పెద్దలకూ ఒక మాట. ఇంట్లో ఆడపిల్లకు దొరికే అరగంట అంట్లు తోమడానికో, తమ్ముణ్ణి ఆడించడానికో పోతూ ఉంటుంది. ఆ పనులు ఇంట్లో అందరూ పంచుకుంటే ఆ అరగంట ఆమెకు మిగులుతుంది.

ఆ కుర్రవాడి నోటుపుస్తకం నా బీరువాలోనే ఉంది. పుష్పం పాఠం వచ్చినప్పుడల్లా ఆ పేజీ తీసి తరగతికి చూపించి, కీలాగ్రాలు లెక్కపెట్టమంటాను. నేను చేసిన తప్పు కూడా చెబుతాను. ఈసారి అతను కనబడితే పుస్తకం తిరిగి ఇచ్చి, పక్కన ఒక కొత్త పెన్సిల్ పెట్టాలని ఉంది.

మీ పుస్తకం ఇంకా మీ దగ్గరే ఉంది. ఈ సాయంత్రమే తెరవండి.