ఇల్లు అమ్మితే బ్రోకరు కమీషన్: దండగా? దక్కాల్సిందేనా?

అక్కయ్యలూ, చెల్లెమ్మలూ! ఈ వారం వంటింటి బేరం కాదు, ఏకంగా ఇంటి బేరమే మాట్లాడుకుందాం.

ప్రొద్దుటూరులో తులం బంగారు కొనాలంటే తరుగెంత, మజూరీ ఎంత అని గుచ్చి గుచ్చి అడుగుతాం. పది అంగళ్లు తిరిగి గానీ ఒక చీర కొనం. అదే ఇల్లు అమ్మే మాటొస్తే మాత్రం చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు ‘మగవాళ్లు చూసుకుంటార్లే’ అని కాఫీలు కలుపుతూ ఉండిపోతారు. అంతా అయిపోయినాక, బ్రోకరు చేతిలో నలభై వేలో ఎనభై వేలో పెట్టినాక, ‘ఏం చేసినాడని అంత ఇచ్చినారు?’ అని నెల రోజులు సణుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే ముందు అడగాల.

మా వైపు మామూలుగా అమ్మిన ధర మీద నూటికి ఒక రూపాయి, కొందరు రెండు రూపాయలు అడుగుతారు. కొన్నవాళ్ల దగ్గర కూడా విడిగా తీసుకుంటారు. ఇది ప్రభుత్వం పెట్టిన రేటేం కాదు, ఆనవాయితీ. కాబట్టి బేరమాడితే తప్పు లేదు. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం కొత్త లేఅవుట్లు, అపార్టుమెంట్ల వంటి రిజిస్టరైన ప్రాజెక్టుల్లో అమ్మిపెట్టే ఏజెంట్లు రిజిస్ట్రేషన్ చేయించుకోవాల. మనం కాపురమున్న పాత ఇంటిని అమ్మిపెట్టే వీధి బ్రోకరుకు ఆ నిబంధన లేదు. అంటే మన జాగ్రత్త మనదే.

ఇంతకీ అతను చేసే పనేంటి? మొదటిది, కొనేవాళ్లను తేవడం. మన ఊళ్లల్లో ఇల్లు కొనేది చాలాసార్లు పక్కింటివాళ్లో, దాయాదులో, ఆ ఇంట్లోనే బాడుగకుండేవాళ్లో అవుతారు. పక్కింటివాళ్లకైతే రెండు స్థలాలు కలిసొస్తాయి కాబట్టి బయటివాళ్ల కంటే నాలుగు రూపాయలు ఎక్కువే పెట్టొచ్చు. అందుకని బ్రోకరుకు చెప్పకముందే ఈ ముగ్గురినీ నోరు తెరిచి అడగండి. వాళ్లలో ఒకరు కుదిరితే, కాగితాలు రాసే దస్తావేజు లేఖరి ఫీజుతో సరిపోతుంది.

రెండోది, ఊరికే ధర అడిగిపోయేవాళ్లను, నిజంగా కొనేవాళ్లను వేరుచేయడం. జమ్మలమడుగు వాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీకని 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మళ్లీ ఒకసారి శంకుస్థాపనలు జరిగినాయి. ఇట్లాంటి వార్త వచ్చినప్పుడల్లా సెంటు ఇంత, సెంటు అంత అని మాటలు లేస్తాయి. మాటల్లో రేటు వేరు, చేతికొచ్చే రేటు వేరు. డబ్బు సిద్ధంగా ఉన్నవాళ్లెవరో, లోన్ వచ్చేవాళ్లెవరో తెలుసుకుని వాళ్లనే గడప తొక్కించే బ్రోకరు దొరికితే మన కాలం మిగులుతుంది.

మూడోది కాగితాలు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో అన్నీ ముందే సరిచూడాల. స్థలం డీకేటీ పట్టాదైతే 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కనుక్కోవాల. మంచి బ్రోకరు ఇవన్నీ చూసుకున్నాకే బేరం తెస్తాడు. చేతగానివాడు అడ్వాన్సు ఇప్పించినాక మొదలుపెడతాడు. అప్పుడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పని ఆగితే, కొన్నవాళ్లు మన ఇంటి ముందుకొచ్చి కూర్చుంటారు.

ఈ మూడూ చేసినవాడికి కమీషన్ దండగ కాదు, దక్కాల్సిందే. పిల్లలు కువైట్‌లోనో బెంగుళూరులోనో ఉండి, పులివెందులలో ఒంటరిగా ఉన్న అమ్మ ఇల్లు అమ్మాలంటే, ఊరూపేరూ తెలియనివాళ్లు రోజూ వచ్చి తలుపు కొట్టడం కంటే తెలిసిన మనిషి వెంటబెట్టుకుని రావడమే మేలు. ఆ భద్రతకూ ఒక ఖరీదుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. కాగితం పెన్సిల్ తీసుకోండి. నలభై లక్షల ఇంటికి నూటికి ఒకటి చొప్పున అతనికి నలభై వేలు. ఇంకో నెల ఆగి నలభై రెండుకు అమ్మితే మనకు రెండు లక్షలు ఎక్కువ, అతనికి మాత్రం రెండు వేలే ఎక్కువ. ఆ రెండు వేల కోసం అతను నెల రోజులు ఎందుకు తిరుగుతాడు? ‘ఇచ్చేయమ్మా, ఇంతకంటే రాదు’ అంటాడు. అందరూ దుర్మార్గులని కాదు, లెక్క అట్లా ఉంది. అమెరికాలో లెవిట్, సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు షికాగో చుట్టుపక్కల దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలు పరిశీలించి 2008లో ఒక వ్యాసం ప్రచురించారు. బ్రోకర్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు తొమ్మిది రోజుల పైన ఎక్కువ ఆగుతున్నారు, నూటికి మూడున్నర పైన ఎక్కువ ధర తెచ్చుకుంటున్నారు అని తేలింది. అంటే ఆగితే వస్తుందని వాళ్లకు తెలుసు. మన ఇంటికి ఆగరు, అంతే!

దీనికి ఉపాయముంది. ముందు చుట్టుపక్కల ఈమధ్య అమ్మిన రెండు మూడు ఇళ్ల ధరలు కనుక్కుని ఒక న్యాయమైన ధర అనుకోండి. ‘నలభైకి నీ నలభై వేలు నీకు. ఆపైన తెచ్చే ప్రతి లక్షలో పదివేలు నీకు’ అనండి. నలభై రెండు తెస్తే అతనికి అరవై వేలు. మనకు ఆ ఇరవై వేలు పోను ఇంకా లక్షా ఎనభై వేలు మిగులుతుంది. అప్పుడు చూడండి ఎట్లా తిరుగుతాడో!

‘మీకు చేతికి ముప్పై ఎనిమిది ఇప్పిస్తా, పైది నాది’ అనే బేరానికి మాత్రం తలూపొద్దు. పైది ఎంతో మనకు తెలియనే తెలియదు. కొందరు కొంచెం అడ్వాన్సిచ్చి అగ్రిమెంటు తమ పేరునే రాయించుకుంటారు. ఆనక దాన్ని పట్టుకుని ఇంకొకరికి ఎక్కువకు అమ్ముతారు. అట్లాంటివాడు మన బ్రోకరు కాదు, మన ఇంటి మీద వ్యాపారి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిమ్మంటే అసలే వద్దు. ఆ కాగితంతో జరిగే అమ్మకాల వల్ల ఇంటి హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఏజెంటు సంగతి స్పష్టంగా ఉంది. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా అతనికి ఫీజు రాదు. అప్పగించిన పనిలో మోసం చేస్తే ఆ పనికి ఫీజే అడగలేడు. మనకు తెలియకుండా మన బేరంలో తన సొంత లాభం చూసుకుంటే, ఆ లాభాన్ని మనం అడగొచ్చు. కానీ పని పూర్తవడమంటే మనిషిని తేవడమా, రిజిస్ట్రేషన్ అవడమా అని తర్వాత తగాదా రాకుండా ముందే ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది.

ముఖ్యమైన మాట ఇంకొకటి. వీలునామా రాయకుండా నాన్న పోతే, ఆయన సొంత సంపాదనతో కట్టిన ఇంట్లో అమ్మకూ, కూతుళ్లకూ, కొడుకులకూ సమాన భాగముంది. ఇది 1956 నుంచే ఉన్న చట్టం. పిత్రార్జితంలోనూ మన రాష్ట్రం 1985లో పెళ్లికాని కూతుళ్లకు హక్కిచ్చింది, 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ కొడుకులతో సమానంగా వచ్చింది. ‘ఆడబిడ్డల సంతకాలు అక్కర్లేదులేమ్మా, నేను నడిపిస్తా’ అన్న బ్రోకరును అక్కడే ఆపండి. అతను కమీషన్ తీసుకుని పోతాడు. తగాదా అక్కాచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ మధ్య మిగిలిపోతుంది.

ఇక గుర్తుంచుకోవలసినవి:

• కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అనేది ముందే రాసుకోండి. రిజిస్ట్రేషన్ రోజున ఇస్తామనండి. అడ్వాన్సు రోజున అడిగితే కొంతే ఇవ్వండి.

• అసలు డాక్యుమెంట్లు బ్రోకరు చేతికివ్వొద్దు. జిరాక్సులు చాలు.

• కొనేవాళ్లతో ఒక్కసారైనా మీరే ఎదురుగా కూర్చుని ధర మాట్లాడండి. ‘మీకేం చెప్పినాడు?’ అని ఆ ఇంటి ఆడమనిషిని అడగండి. సగం గుట్టు అక్కడే బయటపడుతుంది.

• ఇంటి సొమ్ము ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకోవద్దు. అడ్వాన్సయినా సరే, బ్యాంకు ద్వారానే. 2015 నుంచి ఆదాయపన్ను వాళ్ల నియమమిది. తప్పితే తీసుకున్నంత సొమ్మూ పెనాల్టీగా అమ్మినవాళ్ల మీద పడొచ్చు.

• కమీషన్‌ను కూడా బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇల్లమ్మిన లాభం మీద పన్ను లెక్కేసేటప్పుడు ఆ ఖర్చు తీసేసుకోవచ్చు.

పనిచేసిన మనిషికి మనం ఎప్పుడూ కూలి ఎగ్గొట్టలేదు, ఎగ్గొట్టం కూడా. కాకపోతే ఆ పనేదో, ఆ కూలెంతో మనకు తెలిసుండాల. ఇల్లు మనం ఊడ్చి, ముగ్గేసి, పిల్లల్ని పెంచిన చోటు. దాన్ని అమ్మే రోజున కాఫీ గ్లాసులతో పాటు లెక్క కాగితం కూడా పట్టుకుని ముందు గదిలోకి రండి. ‘నీకెందుకే’ అని ఎవరన్నా అంటే, ‘సంతకం నాది కూడా ఉంది కదా’ అనండి.

మీ ఊళ్లో బ్రోకర్లు ఎంత తీసుకుంటున్నారో, ఏమేం చేస్తున్నారో రాయండి. ఉంటానమ్మా!