తీగ వేసిన తరువాత

విశాఖపట్నానికి మంచి రోజులు వస్తున్నవని ఊరంతా చెప్పుకుంటున్నారు. 2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ వారు ఇక్కడ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఒక పెద్ద డేటా కేంద్రం కడతామని ప్రకటించారు. దానికి తోడు సముద్రం అడుగునుంచి విదేశాల కేబుళ్ళు కూడా మన తీరానికే వచ్చి చేరుతాయట. ఇంతకాలం బొగ్గు, ఇనుపఖనిజం చూసిన రేవు ఇకమీదట మాటలూ బొమ్మలూ కూడా దింపుకుంటుందన్నమాట. సంతోషించవలసిన సంగతే.

కాని తీరం విడిచి నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి పాడేరు ఘాటు ఎక్కండి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేదాకా అదంతా మన జిల్లాయే. ఆ కొండల్లో ఇప్పటికీ కొన్ని గూడేలవాళ్ళు ఫోను మాట్లాడాలంటే ఊరు విడిచి మెరకకు పోవలసిందే. 2020లో బడులు మూసి పాఠాలు ఫోనుల్లో చెప్పినప్పుడు పిల్లలు పుస్తకాలతోపాటు ఫోనులు పట్టుకుని కొండ ఎక్కి కూర్చున్నారు. వానపడితే ఆ పూట చదువు లేదు. ఒక్క చదువేనా? రేషను బియ్యానికి వేలిముద్ర వేయాలి. ఉపాధి పనికి వెళ్ళితే 2023 జనవరినుంచి పూటకొక ఫొటో చొప్పున రోజుకు రెండు ఫొటోలు పైవారికి చేరాలి. చేరకపోతే కూలి లెక్క తేలదు. పట్నంలో మనకు ఇంటర్నెట్టు పోతే సీరియలు ఆగిపోతుంది. అక్కడ పోతే బియ్యం ఆగిపోతాయి.

ప్రభుత్వాలు ఊరికే కూర్చున్నాయని అనడానికి వీలులేదు. మన రాష్ట్రం 2015లో ఫైబర్‌నెట్ అనే సంస్థను పెట్టింది. ఊరూరా గోతులు తవ్వి తీగ పాతాలంటే తడిసి మోపెడవుతుంది గనుక, ఉన్న కరెంటు స్తంభాలమీదనే గాజుతీగ లాగుదామన్నారు. 333 కోట్ల రూపాయలతో సుమారు 23,000 కిలోమీటర్లు లాగారు. ఈ యంత్రాంగమంతటినీ కనిపెట్టి చూసే కేంద్రం మన విశాఖపట్నంలోనే ఉన్నది. 2016లో దానిని ప్రారంభించారు. ఆ ఏడాది డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ కలిపి చూపించారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని జాతికి అంకితం చేశారు. టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. ఆ ధర తరువాత నిలవలేదు గాని, ఆ రోజున మాత్రం నమ్మశక్యం కాని ధరే. స్తంభాలమీద తీగ లాగడమన్నది నా దృష్టిలో తెలివైన ఆలోచన. డబ్బు లేనివాడు చేయవలసిన పద్ధతి అదే.

అయితే స్తంభాన్ని నమ్ముకున్నవాడు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో మన ఊరిమీద విరుచుకుపడినప్పుడు కరెంటు స్తంభాలు ఎలా పడుకున్నవో చూసినవారికి చెప్పనక్కరలేదు. అంత తుఫాను ఏటా రాదు, నిజమే. రోజూ వచ్చే చిన్న ఆపదలు వేరే ఉన్నవి. కరెంటువారు కొమ్మలు నరుకుతారు, దానితోపాటు ఈ తీగా తెగుతుంది. రోడ్డు వెడల్పు చేస్తూ స్తంభం జరుపుతారు, తీగ వేలాడుతుంది. గడ్డి ఎత్తుగా వేసుకున్న లారీ ఒకటి చాలు, రెండు ఊళ్ళ సంబంధం తెంచడానికి. తెగిన గాజుతీగను రాగితీగలాగా మెలిపెట్టి కట్టడానికి వీలులేదు. వెంట్రుకంత సన్నని రెండు కొసలనూ సమంగా కోసి, చిన్న యంత్రంలో ఎదురెదురుగా పెట్టి, విద్యుత్తు మెరుపుతో కరగించి అతకాలి. ఆ యంత్రం ఉండాలి, అది వాడడం తెలిసిన కుర్రవాడు ఉండాలి, అతనికి బండీ పెట్రోలూ ఉండాలి. స్తంభం కరెంటువారిది, తీగ ఫైబర్‌నెట్‌ది, ఇంటిదాకా లాగి నెలనెలా డబ్బు వసూలు చేసేది వీధిలో కేబుల్ ఆపరేటరు. తెగినప్పుడు ఈ ముగ్గురిలో ఎవరు ముందు కదలాలన్నది తేలేసరికి పొద్దుపోతుంది.

నేను చెప్పదలచిన మాట ఇక్కడే ఉన్నది. గ్రాంటులన్నీ తీగ వేయడానికి ఇస్తారు. వేసినదానిని బ్రతికించడానికి ఇచ్చేది తక్కువ. వేస్తే ప్రారంభోత్సవం ఉంటుంది. అతికించడానికి రిబ్బను కత్తిరించేదెవరు?

కేంద్రప్రభుత్వానికి డబ్బు లేక కాదు. టెలిఫోను కంపెనీల ఆదాయంలో నూటికి 5 వంతున తీసి పల్లెలకోసం ఒక నిధి వేరే ఉంచుతున్నారు. 2023 నాటి కొత్త టెలికం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. ఆ నిధితోనే 2011లో, రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ చేర్చాలని పెద్ద పథకం తలపెట్టారు. ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నది దానినే. పన్నెండేళ్ళ అనుభవం తరువాత, 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో దానిని సవరించి, తీగను వలయంగా తిప్పాలన్నారు. అంటే ఒకచోట తెగినా రెండోవైపునుంచి సంకేతం వస్తుంది. పదేళ్ళ నిర్వహణ ఖర్చు కూడా అందులో చేర్చారు. ముందే చేయవలసిన పని. అమెరికావారి సంగతి ఇంకొక రకం. 2021లో రాష్ట్రాలకు పంచడానికి 4,245 కోట్ల డాలర్లు కేటాయించుకుని, పటాలూ దరఖాస్తులూ సరిచూసుకుంటూ, 2024 చివరికి కూడా ఆ డబ్బుతో ఒక్క ఇంటికి తీగ కలపలేకపోయారు. మనవారు హడావిడిగా వేస్తారు, వారు నిదానంగా వేయరు.

ఇక కొండలమీద స్తంభమే లేని గూడేనికి తీగ ఎక్కడనుంచి వస్తుంది? అక్కడికి టవరే గతి. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభిస్తే అందులో 85 అల్లూరి జిల్లాలోనే ఉన్నవి. అదీ పైన చెప్పిన నిధి చలవే. మంచిదే. అయితే టవరుకు కరెంటు కావాలి, కరెంటు పోతే బ్యాటరీ కావాలి, బ్యాటరీ చస్తే కొండ ఎక్కి మార్చే మనిషి కావాలి. మళ్ళీ అదే కథ.

ఆ కొండలవారికి ఇది కొత్త కూడా కాదు. ఒరిస్సా సరిహద్దున మాచ్‌ఖండ్ దగ్గర నీటినుంచి కరెంటు తీయడం 1955లో మొదలయింది. ఆ కరెంటు పెద్దపెద్ద స్తంభాలెక్కి మన మైదానాలకు దిగివచ్చింది. దాని కిందనే ఉన్న గూడేలెన్నో తరువాత దశాబ్దాలపాటు కిరసనాయిలు దీపాలతో గడిపినవి. ఇప్పుడు సముద్రపు కేబుళ్ళు వస్తున్న వేళ ఆ సంగతి ఒకసారి జ్ఞాపకం చేసుకోవడం తప్పు కాదు.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఏ ఊళ్ళో డబ్బా పనిచేస్తున్నదో, ఏ ఊళ్ళో చచ్చిపడి ఉన్నదో ఇటువంటి కేంద్రాలలో తెరమీద కనబడుతూనే ఉంటుంది. నెల తిరగగానే ఆ లెక్క ఆయా గ్రామ సచివాలయం గోడకు అంటించమనండి: మీ ఊళ్ళో గతనెల ఇన్ని గంటలు పనిచేసింది, ఇన్నిసార్లు తెగింది, అతకడానికి ఇన్ని రోజులు పట్టింది. కాంట్రాక్టరుకు ఇచ్చే డబ్బులో కొంత ఈ గంటల లెక్క చూసి ఇవ్వమనండి, కిలోమీటర్ల లెక్క చూసి కాదు. మొదట ఒక ఏడాదిపాటు పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు మండలాలలో ఇలా చేసి చూడవచ్చు. టవర్లు నిలబెట్టినవారు ఆ కొండదారులు ఇంకా మరిచిపోయి ఉండరు.