ఎవరి శ్రుతికి ఎవరు కలవాలి?

దావీదు నిబంధన మందసాన్ని యెరూషలేముకు తెచ్చిన ఘట్టం దినవృత్తాంతముల మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో ఉంది. లేవీయులైన వాద్యకారుల పేర్లు చెబుతూ, కొందరు అలామోతు మీద, కొందరు షెమినీతు మీద తంతివాద్యాలు వాయించారని గ్రంథకర్త రాశాడు. చాలామంది విశ్వాసులు ఈ రెండు మాటలను దాటుకుని ముందుకు వెళ్లిపోతారు. షెమినీతు అంటే హెబ్రీ భాషలో ఎనిమిదవది. అది ఎనిమిది తంతుల వాద్యమని కొందరు పండితులు, కింది స్థాయి శ్రుతి అని మరికొందరు అంటారు. అలామోతు అనేది కన్యకలు అనే అర్థమిచ్చే మాట కనుక స్త్రీల గొంతుకు సరిపడే పై స్థాయి శ్రుతి అని ఒక వివరణ. ఏ వివరణను తీసుకున్నా ఒకటి కనబడుతుంది. మందసం వెంట నడిచినవారి పేర్లతోపాటు, ఎవరు దేనిమీద వాయించారో కూడా రాసిపెట్టవలసిన విషయమేనని గ్రంథకర్త తలచాడు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోని మా కొత్తపల్లె సంఘంలో ఈమధ్య ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. గుడిలో కీబోర్డు వాయించే యువకుడు సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఒక ఆరాధన. నల్లజాతి సహోదరుడొకరు గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగెల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తున్నాడు. మాటలు లేవు. అయినా ఎవరో కన్నీళ్లతో ప్రార్థిస్తున్నట్టే వినిపించింది. "అయ్యగారూ, నేను ఇది కొనుక్కుంటే మన గుడిలో వాయించనిస్తారా?" అని అడిగాడు.

దాన్ని ల్యాప్ స్టీల్ గిటార్ అంటారు. పుట్టిల్లు హవాయి దీవులు. 19వ శతాబ్దం చివర జోసెఫ్ కెకుకు అనే యువకుడు ఈ పద్ధతిని తీర్చిదిద్దాడని ఎక్కువమంది చెబుతారు. అతనికంటే ముందే గాబ్రియేల్ డేవియన్ అనే భారతదేశంలో పుట్టిన కుర్రవాడు అక్కడ తీగెల మీద జార్చి వాయించాడనే కథ కూడా ఉంది. అది నిజమైతే మనకు కొంత సంతోషమే. ఈ వాద్యాన్ని ఆరాధనలోకి తెచ్చినది మాత్రం హౌస్ ఆఫ్ గాడ్ అనే సంఘం. మేరీ మగ్దలేనా టేట్ అనే నల్లజాతి స్త్రీ 1903లో ప్రారంభించిన పరిచర్య అది. 1930ల చివర ఫిలడెల్ఫియాలో ట్రోమన్ ఈసన్ అనే విశ్వాసి ఒక హవాయి వాద్యకారుడి దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడు. అతని తమ్ముడు విల్లీ ఈసన్ (1921–2005) దానితో మనిషి గొంతును అనుకరించి, పాటలోని ప్రతి మాటను తీగె మీద పలికించాడు. ఆర్గన్ ఉండవలసిన చోట ఆ గుడులలో స్టీల్ గిటార్ కూర్చుంది. దాదాపు 50 ఏళ్లపాటు బయటివారికి ఈ సంగతి పెద్దగా తెలియదు. ఫ్లోరిడాలో రాబర్ట్ స్టోన్ అనే జానపద పరిశోధకుడు రికార్డు చేసిన పాటలు 1997లో 'సేక్రెడ్ స్టీల్' పేరుతో వెలువడ్డాక లోకం విన్నది.

ఇక శ్రుతి సంగతి. వీణకున్నట్టు ఈ గిటారుకు మెట్ల మీద వేలు నొక్కే పని లేదు. ఒకే కడ్డీ అన్ని తీగెల మీద అడ్డంగా ఆనుతుంది. కనుక కడ్డీ కింద ఏ స్వరాలు కలిసి మోగాలో ముందే బిరడాలు తిప్పి నిర్ణయించుకోవాలి. హవాయి పాటలవారు, నాట్య సంగీతంవారు సి సిక్స్త్ అనే మెత్తని కూర్పు ఎక్కువగా వాడారు. హౌస్ ఆఫ్ గాడ్ వాద్యకారులలో ఎక్కువమంది ఇ మేజర్ మీద ఆధారపడిన కూర్పులు ఎంచుకున్నారు. ఆరు తీగెలకు దాన్ని మన స్వరాలలో చెబితే స ప స గ ప స. ఏమీ నొక్కకుండా మీటితే ఇ మేజర్, అయిదో గీత మీద కడ్డీ పెడితే ఎ, ఏడో గీత మీద పెడితే బి. వారి పాటలకు కావలసిన మూడు కార్డులూ అక్కడే దొరుకుతాయి. కన్ను గీతల మీద ఉండనవసరం లేదు. బోధకుని ముఖం మీదా సంఘం మీదా ఉంటుంది. బోధకుడు స్వరం పెంచితే తీగె లేస్తుంది, ఎవరైనా సాక్ష్యం చెబుతూ ఆగిపోతే ఆ ఖాళీలో తీగె మెల్లగా మూలుగుతుంది. పాడేవారి వెనుక నడవడానికి వీలుగా చేసుకున్న శ్రుతి అది.

మా యువకుడు ఆ ఇ మేజర్ శ్రుతినే యథాతథంగా ఇక్కడికి తేవాలనుకున్నాడు. చిక్కు అక్కడ వస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిస్తే కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలుకొని మన కవులు ఈ దేశపు రాగాలలోనే ప్రభువును స్తుతించారు. ఆ కూర్పులోని మూడో తీగె ఎప్పుడూ పెద్ద గాంధారాన్నే, అంటే అంతర గాంధారాన్నే మోగిస్తుంది. శంకరాభరణానికి, మోహనకు అది అమరుతుంది. ఆనందభైరవి ప్రధానంగా చిన్న గాంధారం మీద నడిచే రాగం. అందులోని కీర్తన పాడుతుంటే ఆ తీగె పంటి కింద రాయిలా తగులుతుంది. పాడే అవ్వలకు స్వరం పేరు తెలియకపోవచ్చు, కానీ గొంతు తడబడుతుంది. ఆ తీగెను సడలించి షడ్జమంలో కలిపేస్తే స ప స స ప స అవుతుంది. తీగె మరీ మెత్తబడకుండా కాస్త లావుది వేసుకోవాలి. దక్షిణాదిన మెట్లు లేకుండా జార్చి వాయించే చిత్రవీణ, అంటే గోటువాద్యం, షడ్జమ పంచమాల మీదే నిలబడింది. 1994లో గ్రామీ బహుమతి అందుకున్న విశ్వమోహన్ భట్ ఇదే జాతి గిటారు మీద రాగాలు పలికించారు. మనకు కొత్తదేమీ కాదు.

అయితే మాకు గాంధారం కంటే పెద్ద బాధ మరొకటి ఉంది. ఇప్పుడు మన గుడులలో శ్రుతిని నిర్ణయిస్తున్నది కీబోర్డు. రికార్డులో గాయకుడు ఏ స్థాయిలో పాడాడో అదే స్థాయిలో యువకులు మొదలుపెడతారు. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కేవారుండరు. రెండో చరణానికి వచ్చేసరికి ముందు వరుసలో చాప మీద కూర్చున్న పెద్దావిడలు నోరు మూసుకుంటారు. "ఆ పెట్టె నా గొంతుకు అందడంలేదు నాయనా" అని ఒక అవ్వ మాతో అన్నది. పుస్తకం చూడకుండా కీర్తనలన్నీ పాడగల మనిషి ఆమె. ఆమె మౌనంగా కూర్చుంటే ఆ కీర్తనలు పిల్లలకు ఎవరు అందిస్తారు? చదువు లేని రోజులలో మా ప్రాంతపు సంఘాలు వాక్యాన్ని నేర్చుకున్నది సగం పాటల ద్వారానే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు పిల్లనగ్రోవిని, వీణను ఉదాహరణగా తీసుకుని మాట్లాడింది సంఘక్షేమాభివృద్ధి గురించే. వాద్యం ఎంత ఘనంగా మోగిందని ఆయన అడగలేదు.

దీనికి కీబోర్డునొక్కదాన్నే నిందించలేము. హార్మోనియం కూడా మెట్టుకు మెట్టుకు మధ్య జారలేదని, గమకం పలకదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధం నడిచింది. మన గుడులలో మాత్రం అది ఆ కాలమంతా హాయిగా మోగింది. పల్లెటూరి సంఘం వాద్యం లేకుండా పాడితే చరణం చరణానికి శ్రుతి కొద్దికొద్దిగా కిందికి జారడం సహజం. కీబోర్డుకు పిచ్ బెండ్ చక్రం ఉన్నా దానితో సంఘం వెంట పోవడం జరిగే పని కాదు. ఉక్కు కడ్డీ వెంట్రుకవాసి జరిగినా స్వరం జరుగుతుంది కనుక, వినే చెవి ఉంటే అది జారిన సంఘం వెంట పోగలదు. వినే చెవి లేకపోతే అంతకంటే కర్ణకఠోరమైన వాద్యం ఉండదు. హౌస్ ఆఫ్ గాడ్ పిల్లలు చిన్ననాటి నుండి పెద్ద వాద్యకారుల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. వీడియోలు చూసి ఆరు నెలలలో వచ్చే విద్య కాదు.

కనుక ఆ యువకునికి కొనుక్కోమనే చెప్పాము, సంఘ నిధి నుండి కాదు, తన సంపాదనతో. మొదటి ఏడాది స్పీకరు పక్కన కాకుండా అవ్వల చాప పక్కన కూర్చోవాలి. కీర్తన పల్లవిని ఏ వాద్యమూ లేకుండా సంఘమే ఎత్తుకుంటుంది. వారు ఎక్కడ ఎత్తుకున్నారో విని, రెండోసారికి అతను కలవాలి. కీబోర్డుకూ ఇదే నియమం. చుట్టుపక్కల సంఘాల పెద్దలు కూడా ఒక నెల ఇలా చేసి చూడాలని మా మనవి. మూడో తీగెను శంకరాభరణం, మోహన కీర్తనలున్న ఆదివారాలలో మళ్లీ గాంధారానికి మార్చుకోవచ్చన్నాము. ఏ కీర్తన ఏ రాగమో శనివారం సాయంత్రమే పుస్తకంలో చూసుకుని రావాలి.